శ్రీను మగ్గం

మంగళవారం, రాత్రి

ఇవాళ మా మరిది సాంబయ్య ఒక ఆఫీసరును వెంటబెట్టుకొచ్చాడు. పాత మరమగ్గం ఇచ్చేస్తే, కరెంటు తక్కువ కాల్చే కొత్త మగ్గానికి సర్కారు సగం పైసలు ఇస్తుందట. పాతదాన్ని మాత్రం వాళ్ల కళ్ల ముందే ముక్కలు చేయాలట.

అది నా కొడుకు శ్రీను మగ్గం. జ్వరంతో దవాఖానకు పోయిన నాడు వాడు సగం నేసిన బట్ట ఇంకా దాని మీదే ఉంది. వాడు తిరిగి రాలేదు. ఆ దారాలు నేను తెంపలేదు.

"జర కత్తెర తే వదినా, బట్ట తీసేస్తే మగ్గం ఫొటో తీసుకుంటరట," అన్నాడు సాంబయ్య.

"నీ కొడుకుదైతే తెంపుతవారా?" అన్నాను.

ఆఫీసరు మోటరు చూసి నవ్వాడు. "ఇది ఊకెనే కరెంటు తాగుతదమ్మా."

"తాగనీ సారూ. బిల్లు నీ ఇంటికొస్తదా?"

అతను బట్ట మీద చేయి వేయబోతే అరిచాను. ఇద్దరూ పోయారు. సర్కారుకు కరెంటు మిగులుతుంది సరే, నాకేం మిగులుతుంది?

సాయంత్రం మోటరు వేశాను. మగ్గానికి కలపలేదు. కలిపితే మగ్గం ఆడి, వాడు సగంలో వదిలిన బట్ట పూర్తయిపోతుంది. వాడు నేసేటప్పుడు వినబడే ఆ మోటరు చప్పుడు వింటూ కడుపునిండా అన్నం తిన్నాను.

"కరెంటు ఎందుకట్ల దండుగ చేత్తానవ్ వదినా?" అని గోడ అవతలి నుంచి సాంబయ్య అరిచాడు.

నేను బంద్ చేయలేదు.