ఐసు అంటిన సీసా

నాన్నా,

ఈ ఉదయం సుపేలా బజారులోని మందుల షాపులో ఒక పెద్దాయన టిఫిన్ డబ్బా మూత తీశాడు. లోపల ఇన్సులిన్ సీసా ఐసు ముక్కకు అంటుకుని ఉంది. అమ్మ జ్వరం మాత్రల కోసం నేను ఆయన వెనకే నిలబడ్డాను.

“ఈ మందు పనిసెయ్యట్లేదమ్మా. ఎన్ని సూదులేసినా సుగరు దిగదు.”

కొత్తగా వచ్చిన ఫార్మసిస్టు దీదీ మన విజయనగరం మనిషే. సీసాను వెలుతురుకెత్తి చూసింది. “ఎక్కడ పెడతన్నావు మావయ్యా?”

“ఫ్రిజ్‌లో, ఐసు కట్టే అరలో. ఎంత చల్లగుంటే అంత మంచిది కదేటి?”

“గడ్డకడితే మందు పాడైపోద్ది. కింద తలుపు అరలో పెట్టు.”

“ఓర్నాయనో! మరి నా కోడలు నన్ను లడ్డూల దొంగంటందే!”

అందరూ నవ్వారు. నేను ఆ సీసానే చూస్తున్నాను.

ఎంత ఇన్సులిన్ వేసినా నీకూ షుగర్ దిగలేదు. దొంగచాటుగా జిలేబీ తింటున్నావన్నాం. నువ్వు ఉక్కు ప్లాంటు డ్యూటీ నుంచి రాగానే నేను జేబులు కూడా వెతికాను. “తిన్లేదే తల్లీ” అనేవాడివి. నువ్వు పోయాక కూడా అమ్మ పక్కింటావిడతో ఆ జిలేబీల మాటే చెబుతోంది. సీసా ఎక్కడ పెడుతున్నారని మనల్ని ఎవరూ అడగలేదు.

మాత్రలు కొనకుండానే ఇంటికి వచ్చేశాను. ఏమైందని అమ్మ అడిగింది. ఏమీ లేదన్నాను.

నీ సీసాలను గుడ్డలో చుట్టి, ఐసు అరలో భద్రంగా దాచింది అమ్మే.