నీ భుజం మీదుగా చూసిన రెండు లెక్కలు

పొట్టీ,

ఎలా ఉన్నావే? ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి ఉత్తరం రాస్తున్నా. చివరిదాకా చదువు.

మధ్యలో వదిలేసిన డిగ్రీ మళ్ళీ చదవబోతున్నా. నవ్వకు. పద్దెనిమిదేళ్ళుగా మా నీళ్ళ ల్యాబులో సీసాలు నింపి తెచ్చేది నేను, పరీక్ష చేసేది నేను, రిపోర్టు మీద సంతకం మాత్రం డిగ్రీ ఉన్న మా సారుది. ఆయన వచ్చే ఏడాది చివర్లో రిటైరవుతున్నారు. "ఆలోగా డిగ్రీ తెచ్చుకో, ఈ కుర్చీ నీదేనమ్మా" అన్నారు.

బిస్కెట్ల డబ్బాలోంచి పాత మార్కుల కాగితం తీసి యూనివర్సిటీకి పంపాను. దానితోపాటే మన ఫొటో దొరికింది. నా పక్కన నువ్వు ఇటుక మీద నిలబడ్డావు, ఇటుక కనపడకుండా నా పుస్తకాల సంచి అడ్డం పెట్టావు. ఆ కాలేజీ వరండా, వర్షం వస్తే ఇద్దరం ఒకే గొడుగులో వెళ్ళడం, నీ తల తడవకుండా నా భుజం తడిసిపోవడం, అన్నీ గుర్తొచ్చి పనికి ఆలస్యంగా వెళ్ళాను.

జవాబొచ్చింది. మనం చదివిన రెండేళ్ళ సబ్జెక్టులన్నీ క్రెడిట్లుగా లెక్కలోకి తీసుకుంటారట, నేరుగా మూడో ఏడాదిలో చేరొచ్చట. ఒక్క సబ్జెక్టు తగ్గినా రెండో ఏడాది మళ్ళీ చదవాలి. అప్పుడు కుర్చీ ఇంకొకరిది. చేరే ఫారంలో చివర ఒక వాక్యం ఉంది: ఈ క్రెడిట్లన్నీ నా సొంత కృషితో సంపాదించుకున్నవే. దాని కింద సంతకం పెట్టాలి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని.

స్టాటిస్టిక్స్ పరీక్ష గుర్తుందా? నువ్వు ముందు, నేను వెనక. నాన్నకి పక్షవాతం వచ్చి వారమైంది, బుర్ర పనిచేయలేదు. చివరి రెండు లెక్కలు నీ భుజం మీదుగా చూసి దించేశాను. నీ ఎత్తుకి మెడ చాచే పని కూడా లేకపోయింది. ఒక్కోటి పది మార్కులు. నాకు వచ్చింది యాభై రెండు, పాసుకి ముప్పై ఐదు. ఇరవై తీసేస్తే ఏం మిగులుతుందో నువ్వే చెప్పు, లెక్కల టీచరువి. ఆ పరీక్షతోనే చదువు మానేశాను కదా, నాన్న వల్ల మానానని అందరూ జాలిపడ్డారు. నాకైతే ఎలాగూ తప్పాల్సినదాన్నేనని లోపల్లోపల సిగ్గుగా ఉండేది.

నా పనికి ఇంకొకరు సంతకం పెడుతుంటే పద్దెనిమిదేళ్ళు ఉడుక్కున్నాను. ఇప్పుడు నీ లెక్కలకి నేనెలా సంతకం పెట్టనే? ఆ సబ్జెక్టు తీసేయమని రాసేద్దామనుకుంటున్నా. ఎవరో ఒకరికి చెప్పాలి కదా, నీకు చెప్పాను.

నీ
తాటిచెట్టు


ఒసేయ్ తాటిచెట్టూ,

ఏమీ రాయకు. ముందిది చదువు.

ఆ పరీక్ష నేను తప్పానే. ఇరవై ఆరు మార్కులు. సెప్టెంబరులో మళ్ళీ రాసి గట్టెక్కాను. ఆ మార్కుల కాగితం జిరాక్సు ఇందులో పెట్టాను, చూసి చించెయ్. మా ఆయనకి కూడా తెలియదు.

తప్పాక ఏడుస్తూ స్టాటిస్టిక్స్ మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నా పేపరు తీసి చూపించారు. ఆ రెండు లెక్కలకీ పట్టిక ఒకటే. అందులో నలభై ఎనిమిదిని నేను ఎనభై నాలుగని దించుకున్నాను. రెండింటికీ సున్నా. అంకె తప్పితే ఆయన కనికరించరని తెలుసుగా. "ఇదే తప్పు నీ వెనక కూర్చున్న పొడుగమ్మాయి కూడా పొల్లుపోకుండా చేసింది, దానికీ సున్నాలే వేశాను. మిగతా పేపరు బాగా రాసుకుంది కాబట్టి బతికిపోయింది, అంత బాగా వచ్చినమ్మాయి నీ దగ్గర చూడటమేంటో" అన్నారు.

అర్థమైందా? నీ యాభై రెండూ నీవే. నా దగ్గర నువ్వు తీసుకున్నవి రెండు సున్నాలు.

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, చెప్పాలంటే ముందు నేను తప్పానని చెప్పాలి. వెళ్ళిపోతూ బస్సు దగ్గర "నువ్వైనా బాగా చదువుకో" అని నీ పెన్ను నాకిచ్చావు. నాన్న మంచాన పడితే చదువు మానుకున్నదానివి, నీకు, నేను తప్పానని ఏ మొహంతో రాయను? రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూనే ఇరవై ఆరేళ్ళు గడిచిపోయాయి. నువ్వు దీన్ని మోస్తున్నావని తెలిస్తే ఆ రోజే చెప్పేదాన్ని. తప్పు నాదే.

పెన్ను కూడా పంపుతున్నా. ఇంకు పోసి చూశాను, రాస్తోంది. సంతకం పెట్టు.

ఇటుక మీద నిలబడ్డ
నీ పొట్టి


పొట్టీ,

పెట్టాను. కౌంటర్లో ఆవిడ "ఎందుకమ్మా ఏడుస్తున్నారు, క్రెడిట్లన్నీ వచ్చాయిగా" అంది. నవ్వొచ్చింది కూడా.

ఇరవై ఆరేళ్ళు రెండు సున్నాలకి భయపడ్డానే.

సోమవారం నుంచి క్లాసులు. ఈసారి మొదటి బెంచీలో కూర్చుంటా. వెనకవాళ్ళకి బోర్డు కనపడకపోతే వాళ్ళ ఖర్మ.

నీ
తాటిచెట్టు