బోనులో కొంగ

సోఫియా, మార్చి 20

అమ్మా, దేవుడి దయవల్ల మనవలు నలుగురూ క్షేమం. నిన్న జంతుశాలలో కొంగ కనబడగానే చిన్నది నేవెనా చేతికున్న ఎరుపు తెలుపు మార్చి నెల దారం విప్పి, పూలకొమ్మకు కట్టేసింది.

“పిచ్చిమొహమా, బోనులో కొంగ లెక్కకు రాదే! వలస నుంచి ఎగిరొచ్చిందాన్ని చూసి దారం విప్పితేనే కోరిక తీరేది!” అని అన్నలు వెక్కిరించారు.

“తాతమ్మ కాలు బాగవ్వాలని కోరుకున్నా కదా అమ్మమ్మా!” అని ఒకటే ఏడుపు.

నా ఏడో ఏట ఇదే ఊళ్లో నేనూ ఇలాగే ఏడిస్తే, నీ దారం విప్పి నాకు కట్టావు, గుర్తుందా? నిన్న నాది దానికి కట్టాను.

ఇరవై అయిదున మరియమ్మ పండుగనాటికి నీ దగ్గరికి వస్తాం. మన పొగగొట్టం మీది కొంగగూడు కదపనివ్వకు. కొంగలు ముందే వస్తే చెప్పకు, నేవెనానే మొదట చూడనివ్వు. నూనె మర్దనా మానకు. కర్ర పట్టుకునైనా వాకిట్లోకి రా అమ్మా. కొంగకన్నా ముందు అది నీ కాలే చూస్తుంది.

నీ దీవెన కోరే
స్తోయంక