ఆటో ఎంతసేపటికి నిండుతుంది

కూర్మన్నపాలెం,
ఆదివారం.

చి.సౌ. మాణిక్యానికి,

అక్క దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం బాగున్నాం, నా మోకాళ్లు తప్ప. నీ కంటి కట్టు విప్పారా? చుక్కల మందు వేళకి వేస్తున్నారా? ఇది నీకు మీ ఆయనే చదివి వినిపించాలి కనక, మరిదిగారూ, మీ గురించి రాసిన చోట దాటెయ్యకుండా చదవండి.

ఆపరేషనప్పుడు నీ పక్కన లేకపోయానన్న బాధ ఇంకా పోలేదే. ఈ ఊరొచ్చి ఎనిమిది నెలలయింది. బయల్దేరతానన్నప్పుడల్లా మా చంద్రానిది ఒకటే మాట: "స్టీలు ప్లాంటులో సెలవు దొరకనీ అమ్మా, నేనే దింపుతాను. ఒక్కదానివీ తప్పిపోతావు." ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, తప్పిపోతానట! ఎండ మన ఎండే, చెమట రెట్టింపు. చేపలకి లోటు లేదు. సముద్రం ఒడ్డున కూచుని గోదారి చేప కోసం బెంగపడతానని కోడలు నవ్వుతుంది.

అసలు సంగతి చెబుతాను. చంద్రం కూతురు శిరీష ఇంజనీరింగు ఆఖరి ఏడు కదా, ప్రాజెక్టుకి కంప్యూటర్లో ఏపీఐ అని ఒకటి తయారు చేసింది. అదేమిటే అన్నాను. "విచారణ కౌంటరనుకో మామ్మా. ఎక్కణ్ణించి, ఎక్కడికి, ఎన్నింటికి, ఎంత నడవగలవు అని చీటీ రాసి లోపలికి తోస్తాం. నడక, ఆటో, బస్సు, రైలు అన్నీ కలిపి దారి రాసిన చీటీ బయటికొస్తుంది. లోపలెవరున్నారో మనకనవసరం."

"రైల్వే విచారణ కౌంటర్లోనూ లోపలెవరూ ఉండరు కదే, కొత్తేముంది?"

"ఇది జవాబు చెబుతుంది మామ్మా!"

నేను వెంటనే చంద్రం దగ్గరికెళ్లాను. "నీ కూతురి చీటీ పట్టుకుని ఒక్కదాన్నీ సింహాచలం వెళ్లొస్తే చెల్లెలి దగ్గరికి పంపుతావా?" అన్నాను. "సరే, వెళ్లిరా చూద్దాం" అన్నాడు, వెళ్లలేననే ధైర్యంతో.

తొమ్మిదీ అయిదుకి జంక్షన్లో షేరాటో, తొమ్మిదిన్నరకి గాజువాకలో బస్సు అని చీటీలో ఉంది. తొమ్మిదీ అయిదుకి ఎక్కి కూచున్నాను. తొమ్మిదిన్నరకీ అక్కడే కూచున్నాను. "బాబూ, టైము దాటిపోయింది" అంటే డ్రైవరు నన్ను ఎగాదిగా చూసి, "బండి నిండకండా ఎలా తీత్తానమ్మా? ఇదేటి, రైలా?" అన్నాడు. బస్సు పోయింది. ఇంటికొచ్చాను. చంద్రం నవ్వినా బాగుండేది. "పోనీలే అమ్మా" అన్నాడు. ఆ పోనీలేకి నాకు ఒళ్లు మండింది.

శిరీష ఏడుపు మొహం పెట్టింది. "బస్సుల టైములు దొరికాయి మామ్మా. ఆటోకి టైమేది?"

"టైము లేకపోతే అలవాటుంటుంది. కూచుని లెక్కపెట్టాలి" అన్నాను.

వారం రోజులు జంక్షన్లో టీకొట్టు బల్ల మీద కూచున్నానే. మొదటి మనిషి ఎక్కిన నిమిషం, బండి కదిలిన నిమిషం నోటుబుక్కులో రాశాను. షిఫ్టు వదిలే వేళ రెండు నిమిషాల్లో నిండుతుంది. పదింటికి పన్నెండు పడుతుంది. మిట్టమధ్యాహ్నం అయితే ముందు డ్రైవరు నిద్ర లేవాలి. ఆ మొదటి రోజు డ్రైవరే వచ్చి, "ఏటి రాత్తన్నారు మామ్మగారూ, మా మీద కేసా?" అన్నాడు. "మీ బండి జాతకమయ్యా" అన్నాను. మూడో రోజు నుంచి అతనే కేకేసేవాడు, "ఇదిగో, పదకొండు నిముసాలు, రాసుకోండి!"

నడకా సరిచేయించాను. శిరీష గంటకి అయిదు కిలోమీటర్లని పెట్టింది. "ఎవరి నడకే ఇది?" అంటే "నాదే మామ్మా" అంది. నీ మోకాళ్లతో నన్ను నడిపిస్తావా అని సగానికి దింపించాను.

మొన్న గురువారం మళ్లీ బయల్దేరాను. పదింటికి ఎక్కమని, పదీ పన్నెండుకి కదులుతుందని చీటీ. పదీ పదకొండయింది. ఇంకా ఇద్దరు తక్కువ. ఇంతలో చేపల తట్టతో ఒకావిడ పరుగెత్తుకొచ్చి, "జరగండమ్మా! నాకో సీటు, నా తట్టకో సీటు!" అంది. డ్రైవరు రెండూ లెక్కేశాడు, బండి కదిలింది. చేపల నీళ్లు నా చీర మీద కారినా ఆ తల్లికి దణ్ణం పెట్టాలనిపించింది. గాజువాకలో బస్సు అందింది. గోపాలపట్నంలో ఇంకో బస్సు. కొండ కింద దిగేసరికి చీటీలో రాసినదానికంటే నాలుగు నిమిషాలు ముందున్నాను!

స్వామి కంటే ముందు చంద్రానికి ఫోను చేశాను, అపరాధం క్షమించుగాక.

"ఎక్కడున్నావమ్మా? కదలకు, స్కూటరు మీద వచ్చేస్తాను."

"తిరుగు చీటీ కూడా ఉందిరా. నువ్వు డ్యూటీ చూసుకో."

"జాగ్రత్త" అన్నాడు. నిన్న దువ్వాడ స్టేషనుకి తనే వెళ్లి సామర్లకోటకి టిక్కెట్టు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఒకే ఒక్క టిక్కెట్టే, మాణిక్యం! ఈ బుధవారం కాదు, పై బుధవారానికి.

మరిదిగారూ, మీకో పని. సామర్లకోట స్టేషను బయట మధ్యాహ్నం వేళ మీ ఊరి ఆటో ఎంతసేపటికి నిండుతుందో నాలుగు రోజులు చూసి శిరీషకి ఫోను చెయ్యండి. టీకొట్టు దగ్గర కూచోవడం మీకు నేర్పక్కర్లేదు కదా. మీ అమ్మగారికి నా నమస్కారాలు, ఆవిడ దీవెన అడిగానని చెప్పండి. పిల్లలకి ముద్దులు.

స్టేషనుకి మాత్రం ఎవర్నీ పంపకే. గుమ్మం దాకా నా అంతట నేనే వస్తాను. నువ్వు తలుపు తీస్తే చాలు.

ప్రేమతో,
నీ అక్క
రాజ్యలక్ష్మి