గిరకకు దీపం నూనె

తమ్మీ,

బొగ్గుగని నుంచి సెలవు మీద వచ్చిన ఆ పొద్దున నువ్వు బావి గిరక విప్పి, కిరసనాయిలుతో కడిగి గ్రీజు పెట్టావు.

"బొగ్గుబాయిల చేసింది చాలదా కొడుకా, ఇంటి బాయి గూడ పట్టినవ్?" అంది అవ్వ.

"గిరక గిట్ల మొత్తుకుంటే నీ బలం సగం అదే తింటదవ్వా," అన్నావు.

నువ్వు కాలం చేసినప్పటి నుంచి అవ్వ దీపంలో మిగిలిన నూనె దానికి పోస్తోంది. దుమ్ము పట్టి జిగురై, నిన్న గిరక బిగుసుకుపోయింది. నిండు బొక్కెన సగంలో ఆగింది. నేను వెళ్లి అందుకునేదాకా లాగలేక, వదల్లేక అవ్వ తాడు పట్టుకొని నిలబడింది. దేవుని ముందు కూర్చొని కళ్లు మూస్తే ఆ చేతులే కనబడి నాకు జపం సాగడం లేదు.

"మోటరు పెడ్దాం," అన్నాడు చిన్నతమ్ముడు.

"మరి నాకేం పని బిడ్డా?" అంది అవ్వ.

సాయంత్రం అందరం కూర్చొని తేల్చాం. ఇంటికి మోటరు, దేవుని నీళ్లు తోడడానికి అవ్వకు చిన్న బొక్కెన, గిరకకు మళ్లీ గ్రీజు.