ఆదివారం మాత్రమే వెలిగే దీపాలు

చిల్కానగర్,
4 ఫిబ్రవరి 2013

నాచారం సోలార్ సర్వీసు ఇంజనీరు ఉమామహేశ్వర్ గారికి,

నమస్కారం. మా మేడమీద మీరు బిగించిన ప్యానెళ్ళను నమ్మి పదకొండు మంది పదో తరగతి పిల్లల్ని చదువుకోవడానికి రమ్మన్నాను. అందరూ నాచారం కార్మికుల పిల్లలు. సాయంత్రం ఆరింటికి పోయిన కరెంటు ఎనిమిదికి గాని రాదు. మీ దీపాలు చూస్తే అరగంట వెలిగి ఆరిపోతున్నాయి. వచ్చే నెలలో పరీక్షలు. నలభై ఏళ్ళుగా కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతున్నవాణ్ణి, పిల్లల ముందు తల దించుకోవలసి వస్తోంది.

భవదీయుడు,
పరంధామయ్య

తా.క. బొగ్గు ఎప్పటికైనా అయిపోతుంది, ఎండ అయిపోదు అని మొదటి రోజే చెప్పాను. ఇప్పుడు వాళ్ళు "ఎండ అయిపోయినట్టుంది సార్" అంటున్నారు.

నాచారం,
7 ఫిబ్రవరి

పరంధామయ్య గారికి నమస్కారాలు.

ప్యానెళ్ళ మీద నీడ పడుతోందేమో చూడండి. రోజూ తుడిపించండి. మా మెకానిక్ పోశయ్య ఆదివారం వస్తాడు. వాళ్ళమ్మాయి త్రివేణి మీ దగ్గరే చదువుతోంది కనక ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూస్తాడు.

ఉమామహేశ్వర్

తా.క. మా ఆఫీసులోనూ కరెంటు లేదు. కిటికీ పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. మాకు మేం సోలార్ పెట్టుకునే తీరిక దొరకడం లేదు.

చిల్కానగర్,
12 ఫిబ్రవరి

ఉమామహేశ్వర్ గారూ,

పోశయ్య వచ్చాడు. మీటరు పెట్టి చూసి "మస్తు పనిజేస్తున్నది సార్, ఏం ఫికర్ జెయ్యకున్రి" అన్నాడు. నిజమే, ఆ సాయంత్రం రెండు గంటలూ వెలిగాయి. సోమవారం మళ్ళీ చీకటి. నీడ లేదు, దుమ్మూ లేదు. నేను కాలేజీ నుంచి నాలుగింటికి వచ్చేసరికి మా ఆవిడ త్రిపురసుందరి వాటిని తళతళలాడేలా తుడిచి ఉంచుతోంది. లోకమంతా ఆదివారం సెలవు తీసుకుంటే, మీ సరుకు ఆదివారం ఒక్కటే పనిచేస్తోంది!

పరంధామయ్య

తా.క. మా ఆవిడ పోశయ్యకి మినపవడియాలు పొట్లం కట్టి ఇచ్చింది. లంచం అనుకోకండి.

నాచారం,
15 ఫిబ్రవరి

అయ్యా,

పొట్లం చూడగానే నాకు విషయం అర్థమైంది. అన్ని వడియాలకు పిండి రుబ్బాలంటే గ్రైండరు ఉండాలి. దాన్ని మీరు మా బ్యాటరీకి తగిలిస్తున్నారు. ఆదివారం రుబ్బరు కాబట్టి దీపాలు వెలుగుతున్నాయి. దయచేసి మానుకోండి.

ఉమామహేశ్వర్

తా.క. నేరం సంగతి అలా ఉంచి, వడియాలు మాత్రం చాలా బాగున్నాయి. ఆఫీసంతా తిన్నాం.

చిల్కానగర్,
19 ఫిబ్రవరి

ఇంజనీరు గారికి,

మా ఇంట్లో ఉన్నది రుబ్బురోలు. కావాలంటే వచ్చి తిప్పి చూడండి. నిన్న దీపాలు ఆరగానే త్రివేణి పుస్తకం మూసేసి, "రేపటి సంది రాను సార్. ఈడికొచ్చి చీకట్ల కూసునుడు దేనికి?" అంది. బాగా చదివే పిల్ల. మీ ప్యానెళ్ళు మీరే పట్టుకుపొండి.

పరంధామయ్య

తా.క. ఈసారి పొట్లం లేదు.

చిల్కానగర్,
21 ఫిబ్రవరి

చిరంజీవి ఉమామహేశ్వర్‌కి త్రిపురసుందరి ఆశీస్సులు.

అవి పట్టుకెళ్ళకు బాబూ. తప్పు నాది. మా మేడమీద ఎండ పడే చోటంతా మీ అద్దాలే ఆక్రమించాయి. మిగిలినదంతా నీళ్ళ ట్యాంకు నీడే. "వాటిని ముట్టుకోకు" అన్నారు ఆయన, ఎందుకో చెప్పలేదు. అందుకని ఆయన కాలేజీకి వెళ్ళగానే వాటి మీద పాతచీర పరిచి వడియాలు పెట్టి, వచ్చేలోగా తీసి శుభ్రంగా తుడిచేదాన్ని. ఆదివారం ఆయన ఇంట్లోనే ఉంటారు కనక మానేసేదాన్ని. ఏటవాలుగా, వెచ్చగా, వడియాల కోసమే చేయించినట్టున్నాయి. సాయంత్రం వెలిగే దీపానికి మధ్యాహ్నపు ఎండతో పనేమిటో నాకేం తెలుసు?

నిన్న త్రివేణి నోటుపుస్తకం కోసం వచ్చి మేడమీద చీర చూసింది. "అమ్మా, గవి ఎండ తాగుతయి. మీరు మూత వెట్టిన్రు" అని రెండు నిమిషాల్లో నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఎండని నమ్ముకుని నలభై ఏళ్ళుగా ఇల్లు నడుపుతున్నాను నేను. ఊళ్ళో పిల్లలందరికీ చెప్పిన పాఠం ఈయన ఇంట్లో నాకొక్కదానికీ చెప్పలేదు. సిగ్గేసింది, కోపమూ వచ్చింది.

అద్దాల్ని మెట్లగది కప్పు మీదికి ఎక్కించు. పిల్లకి సర్దిచెప్పాను, మళ్ళీ వస్తోంది.

త్రిపురసుందరి

తా.క. ఆయనకి నువ్వేమీ రాయకు. ఇవాళ సాయంత్రం పిల్లల వెనక చాప వేసుకుని కూర్చుని నేనే చెయ్యెత్తుతాను, "సార్, దీపం ఎలా వెలుగుతుందో నాకూ చెప్పండి" అని.