సముద్రంలో పడిన కట్టుడు పళ్లు

సెమరాంగ్,
జూన్ 4.

నుసహారి దీవి డైవింగు వసతిగృహం యజమానురాలు ఇబు యోసినా గారికి, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు విర్యోనో నమస్కరించి వ్రాయునది.

మీ చవక డైవింగు మూడు రోజులూ ముగించుకుని క్షేమంగా ఇల్లు చేరాను. క్షేమంగా అన్నది మర్యాదకు రాసిన మాట. మీ ప్రకటన కాగితంలో ‘పగడాల స్వర్గం, ఉదయం ఫలహారం ఉచితం’ అని ఉంది. స్వర్గంలో ఫలహారం పోస్టర్లు అంటించే జిగురులా ఉంటుందని నాకు తెలియదు. గాలి సిలిండరును నా వీపుకు బట్టలారేసే తాడుతో కట్టడం కూడా స్వర్గంలోనే చూశాను.

అసలు సంగతి. రెండో రోజు పడవలో గంటసేపు కక్కుకుని ఒంటి మీద తెలివి లేకుండా ఉన్న నన్ను మీ మేనల్లుడు యాకోబ్ నీళ్లలోకి దింపాడు. పగడపు దిబ్బలో ఒక పాము చేప నన్ను చూసి నోరు తెరిచింది. దాన్ని చూసి నేనూ తెరిచాను. ఒడ్డుకు వచ్చి చూసుకుంటే నా పైవరస కట్టుడు పళ్లు లేవు.

ఆగస్టు 10న మా అమ్మాయి లారస్ నికా. అల్లుడి చెయ్యి పట్టుకుని పెళ్లి మాట చెప్పాల్సింది తండ్రి. సాక్షులకు ముక్క ముక్కా వినబడాలి. కొత్త పళ్లకు డాక్టరు మూడు నెలలు అడుగుతున్నాడు. కాజీగారికి అప్పగించమని మా ఆవిడ సలహా. ముప్పై నాలుగేళ్లు మైకు లేకుండా బడి మైదానం దద్దరిల్లేలా మాట్లాడినవాణ్ణి, నా కూతురి పెళ్లి మాట ఇంకొకరితో చెప్పిస్తానా? వెంటనే మనిషిని దింపి పళ్లు తీయించి పంపగలరు.

ఇట్లు,
విర్యోనో

తా.క.: నాతో వచ్చిన నా బావమరిది కుస్నాన్ పడవలో నన్ను చూసి నవ్వాడు. వాడితో మాటలు మానేశాను. వాడు మీకేమైనా రాస్తే మీరూ పట్టించుకోవద్దు.

* * *

నుసహారి,
జూన్ 19.

పాక్ విర్యోనో గారికి,

దేవుడి దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. ఫోను చేద్దామంటే చర్చి గుట్ట ఎక్కితే గాని సిగ్నలు రాదు, పైగా ఫోను మాటకు సాక్ష్యం ఉండదని ఇక్కడున్నప్పుడు మీరే అన్నారు. అందుకని రాస్తున్నాను. మీ ఉత్తరంలో మూడు తప్పులకు ఎర్రసిరా సున్నాలున్నాయి. మీవి మీరే దిద్దుకున్నట్టున్నారు.

ఆ జిగురు మీరు రోజూ మూడుసార్లు వడ్డించుకున్నారు.

పళ్ల విషయం కష్టం. మీరు వెళ్లిన మర్నాడే దిబ్బ మీద సాసి వేశాం. చర్చిలో ప్రార్థన చేసి ఒడ్డున కొబ్బరాకు కట్టామంటే, నవంబరు దాకా అక్కణ్ణించి చేప కాదు కదా గులకరాయి కూడా తీయకూడదు. కావలి పెద్ద మెల్కి తాతను అడిగాను.

“పళ్లు సముద్రంలో పుట్టినవి కావు కదా తాతా?”

“ఇప్పుడు ఉన్నది సముద్రంలోనేగా.”

సొంత మనవడి చెప్పు సాసిలో పడితే ఆరు నెలలు ఒంటి చెప్పుతో బడికి పంపిన మనిషి ఆయన. ఇక మీ పళ్లెంత?

ఉంటాను,
యోసినా

తా.క.: మా నల్ల రబ్బరు సూటు మీ పెట్టెలో వచ్చేసింది. తొడ దగ్గర పిండిసంచి గుడ్డతో నేను జేబు కుట్టినది. ఉన్నవే నాలుగు. పంపించండి.

* * *

సెమరాంగ్,
జూలై 1.

ఇబు యోసినా గారికి,

ఒక కొబ్బరాకుకు ఊరు ఊరంతా జడిసే చోటికి చదువుకున్నవాణ్ణి వచ్చాను, చెప్పుతో కొట్టుకోవాలి. నా పళ్లు చేపలకెందుకు? నెల తిరక్కుండా అవి పెరిగి పిల్లలు పెడతాయని మీ తాతగారి ఆశా? ఈ ఉత్తరం నకలు జిల్లా అధికారికి పంపుతున్నాను.

సూటు సంగతి. నా పళ్లు వచ్చేదాకా అది కదలదు. మడత కూడా విప్పకుండా బీరువాలో పెట్టి తాళం వేశాను.

విర్యోనో

తా.క.: కుస్నాన్ రెండుసార్లు మా గుమ్మంలోకి వచ్చి “బావగారూ, ఆ పళ్ల సంగతి” అని మొదలుపెట్టాడు. ఎగతాళి చెయ్యడానికేనని నాకు తెలుసు. మొహం మీదే తలుపేశాను.

* * *

నుసహారి,
జూలై 14.

పాక్ విర్యోనో గారికి,

జిల్లా అధికారి మా పాస్టరుగారి తమ్ముడు. మీ ఉత్తరం ఇద్దరూ కలిసి చదువుకుని నవ్వుకున్నారట.

అయినా కూతురి పెళ్లి మాట తండ్రి నోటితోనే రావాలన్నది మాకూ తెలుసు. అందుకే చర్చిలో పెద్దలు కూర్చున్నారు. కట్టుడు పళ్లు సముద్రపు పంట కిందికి వస్తాయా రావా అని మూడు గంటలు వాదించుకుని, నిన్న ఆదివారం ఒక్క పూటకు సాసి విప్పారు. మా ఊళ్లో ఇలా ఎప్పుడూ జరగలేదు. డెబ్బై ఒక్క ఏళ్ల మెల్కి తాత పదకొండుసార్లు మునిగాడు. దొరికినవి రెండు కళ్లజోళ్లు, ఒక గరిటె. మీ పాము చేప నోట్లో కూడా చూశాం. దాని పళ్లు దానికే ఉన్నాయి.

సాయంత్రం మళ్లీ కొబ్బరాకు కట్టేశాం. తాతకు జలుబు చేసింది.

యోసినా

తా.క.: మీ కుస్నాన్ దగ్గర్నుంచి నాకో కవరు వచ్చింది. పట్టించుకోవద్దన్నారు కనుక విప్పలేదు. వంటింట్లో ఉప్పు డబ్బా కింద ఉంది. సూటు పంపండి.

* * *

సెమరాంగ్,
జూలై 28.

ఇబు యోసినా గారికి,

మెల్కి తాతగారు పదకొండుసార్లు మునిగారన్న చోట చదవడం ఆపేశాను. సిగ్గేసింది. మూడు దశాబ్దాలు పిల్లల చెవులు మెలిపెట్టినవాణ్ణి, నా చెవి మెలిపెట్టేవాళ్లు లేక ఇలా తయారయ్యాను.

రాత్రి అద్దం ముందు పెళ్లి మాట చెప్పి చూసుకున్నాను. మాట బదులు గాలి వస్తోంది. కాజీగారితోనే చెప్పిద్దామన్నాను. లారస్ అన్నం ముందు నుంచి లేచిపోయింది. “నువ్వు చెప్పకపోతే అది నా పెళ్లి కాదు నాన్నా” అంది. ఏం చెయ్యాలో తోచడం లేదు.

మీ సూటు ఈ రోజే పార్శిలు చేశాను. మడత విప్పలేదు, ఎలా ఉన్నది అలాగే ఉంది. చూశారా, మాట మీద నిలబడే మనిషిని.

విర్యోనో

తా.క.: తాతగారికి అల్లం మిఠాయి కూడా పెట్టాను. జలుబుకు మంచిది.

* * *

నుసహారి,
ఆగస్టు 10.

పాక్ విర్యోనో గారికి,

ఈ ఉదయం పడవలో సూటు వచ్చింది. ఉతుకుదామని జేబు తిరగేశాను. చేతిరుమాలు మూట పడింది. అంచున ‘కుస్నాన్’ అని కుట్టు. మూటలో మీ పళ్లు.

పరుగున పోయి ఉప్పు డబ్బా కింద కవరు చింపాను. ‘బావగారు పడవలో కక్కుకుంటుంటే పళ్లు జారబోయాయి. నేనే పట్టుకుని ఆయన సూటు జేబులో పెట్టాను. ఆయన నా మాట వినడం లేదు, మీరైనా చెప్పండి’ అని ఉంది. అంటే రెండు నెలలు మీ బీరువాలో మీరే తాళం వేసి దాచుకుని, పెళ్లికి పదమూడు రోజుల ముందు మీ చేతులతో మీరే మాకు పంపేశారు. మడత విప్పకుండా. మాట మీద నిలబడే మనిషి అంటే మీరే. కవరు విప్పని నేనూ మీ బడిలోనే చదివినట్టున్నాను.

అందరం గుట్టెక్కి, ఉత్తరంలో ఉన్న నంబరుకు కుస్నాన్‌కు ఫోను చేశాం. అప్పుడే నికా మొదలైందట. ఫోను మీ వైపు తిప్పి పట్టుకున్నాడు. కాజీగారు చెప్తారనుకున్నాం. మీ గొంతే వినబడింది. కూతురి పేరు, మీ పేరు, అన్నీ ఒక్క గుక్కలో, సగం గాలి, సగం ఏడుపు. సాక్షులు మళ్లీ చెప్పమనకుండా మొదటిసారికే ‘చెల్లింది’ అన్నారు. గుట్ట మీద మెల్కి తాత కూడా అన్నాడు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు, అది మీ గొప్ప కాదు, అమ్మాయిది.

శుభం కోరే,
యోసినా

తా.క.: పళ్లు పంపిద్దామంటే తాత ఒప్పుకోలేదు. సముద్రం దాటి ఒడ్డుకు వచ్చినది ఏదైనా సాసేనట. కొబ్బరాకు చుట్టి చర్చిలో పెట్టాడు. నవంబరులో వచ్చి తీసుకోండి. ఈలోగా మీరెలాగూ ఎక్కువ మాట్లాడలేరు కనుక, కుస్నాన్ చెప్పేది వినండి.